సైకిలు కోసం కట్టిన కొండ

కోరాడ ముసలినాయుడుకి ఆ పేరు తాత నుంచి వచ్చింది. ముసలితనం మాత్రం గుమ్మలకొండ ఆఫీసు నుంచి వచ్చింది. ఘాటు రోడ్డు పైన, మబ్బులు కిటికీల్లోంచి వచ్చి ఫైళ్ల మీద కూర్చునే చోట ఉంటుందా ఆఫీసు. దాని పేరు కొండ ప్రాంత జీవాల సంరక్షణ మండలి. జీవాలంటే మేకలూ గొర్రెలూ. ఆఫీసులో పనిచేసేవాళ్లు ఆ లెక్కలోకి రారు.

ముసలినాయుడు అక్కడ జూనియర్ అసిస్టెంటు. అతని భార్య రమణమ్మ ఘాటు కింద సీతంపాలెంలో ఇడ్లీ కొట్టు నడుపుతోంది. వారానికోసారి బస్సు దొరికితే దిగడం, దొరక్కపోతే ఫోన్లో తిట్లు తినడం, ఇదీ ఆ ఇంటి కాపరం. ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటే ఆ వేసవిలో సీతంపాలెం శాఖకి బదిలీ ఆర్డరు వచ్చింది. దసరాలోగా చేరాలి, చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. దసరా ఇంకా చాలా దూరంలో ఉంది కాబట్టి ముసలినాయుడు ఆఫీసులో అందరికీ పకోడీలు పెట్టించాడు.

పకోడీ తింటూనే ప్రత్యేకాధికారి సదాశివబ్రహ్మంగారు ఆర్డరు కింద ఆకుపచ్చ సిరాతో ఒక ముక్క రాశారు.

“సైకిలు ఎంపిక పూర్తయిన పిమ్మట రిలీవు చేయబడును.”

“అదేంటి సార్! సైకిలు ఎంపికెంత, ఓ పూట పని,” అన్నాడు ముసలినాయుడు.

“అందుకే రాశానయ్యా,” అన్నారాయన చెయ్యి తుడుచుకుంటూ.

సైకిలు కథ ఇదీ. మేకలకి సూదిమందు వేసే ఫీల్డు మనుషులు మందుపెట్టె నెత్తిన పెట్టుకుని కొండ మీది గూడేలకి నడిచి వెళ్తారు. వాళ్లు చేరేసరికి పెట్టెలో ఐసు కరిగి, మందు పాడై, మేకలకి ఒట్టి సూది మాత్రమే మిగులుతోంది. పైనుంచి ఎవరో ఉత్తర్వు పంపారు. ఎక్కువ ఖరీదు కాకుండా, ఎక్కడానికీ దిగడానికీ, రాళ్లలోకీ రోడ్డు మీదికీ అన్నిటికీ పనికొచ్చే కొండ సైకిలు ఒకటి ఎంపిక చేయండి, తర్వాత అందరికీ అదే కొందాం అని.

ఎంపిక కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు సదాశివబ్రహ్మంగారు. సభ్యులు అకౌంట్స్ ఆఫీసరు విశాలాక్షిగారు, అసిస్టెంట్ ఇంజనీరు భుజంగరావుగారు. ముగ్గురిలో ఎవరూ సైకిలెక్కి ఎరగరు. అందువల్ల వాళ్లకి ఏ సైకిలు మీదా ముందస్తు అభిమానం లేదని, ఎంపిక నిష్పక్షపాతంగా జరుగుతుందని మొదటి సమావేశంలోనే ముసలినాయుడు చేత రాయించారు.

సీతంపాలెం నుంచి సైకిలు షాపు జలాల్ సాయిబు వ్యాను మీద మూడు సైకిళ్లు తెచ్చాడు. ఒకటి రేటు చూస్తేనే విశాలాక్షిగారు కళ్లు మూసుకున్నారు. రెండోది తళతళలాడుతోంది, ముందూ వెనకా కూడా షాకబ్జర్లున్నాయి. మూడోది బూడిద రంగుది. ముందు ఫోర్కుకే షాకబ్జరు, వెనక ఏమీ లేదు, బిగుసుకుని ఉంది.

“ఇదే తీసుకోండి సార్,” అన్నాడు జలాల్ బూడిద రంగు సైకిలు సీటు మీద తట్టి. “హార్డ్‌టెయిల్ అంటారు. ముందు మెత్తన, వెనక గట్టి. తొక్కిన బలమంతా చక్రానికే పోద్ది. బరువు తక్కువ. మీ రేటుకి ఇంతకంటే మంచిది రాదు.”

సదాశివబ్రహ్మంగారి కళ్లు తళతళల మీదే ఉన్నాయి. “రెండు వైపులా ఉన్నది ఇంకా చవకే కదా?”

“ఆ రేటుకి కంపెనీవాడు రెండు షాకబ్జర్లు ఇస్తున్నాడంటే సార్, లోపల పెట్టింది పెన్ను స్ప్రింగులు. కొండెక్కుతుంటే సైకిలు కిందకీ పైకీ ఊగుద్ది గానీ ముందుకి పోదు.”

“ఊగినా సరే,” అన్నారు విశాలాక్షిగారు కళ్లద్దాలు సర్దుకుంటూ. “ఇక్కడ మౌలికమైన ప్రశ్న ఒకటుంది. రెండు చక్రాలూ ఒకే సైకిలువి. ఒకే రోడ్డు మీద పోతాయి. ముందు చక్రానికి సౌకర్యం కల్పించి వెనక చక్రానికి నిరాకరించడానికి ఆధారం ఏమిటి? రేపు ఆడిట్ వాళ్లు అడిగితే?”

“చక్రం అడగదు కదమ్మా,” అన్నాడు జలాల్.

“చక్రం అడగదు. ఆడిట్ అడుగుతుంది.”

భుజంగరావుగారికి వేరే చింత. ఆయన సైకిలు చుట్టూ తిరిగి, వంగి, లేచి, “దీనికి స్టాండు లేదు. క్యారేజీ లేదు. బెల్లు లేదు. మడ్‌గార్డు లేదు. ఇది అసంపూర్ణ నిర్మాణం,” అని తేల్చారు. ఆ తర్వాత గేర్ల దగ్గర ఆగారు. “ఇన్ని పళ్ల చక్రాలు దేనికి?”

“ఒక్కో ఎత్తుకి ఒక్కో గేరు సార్.”

“అయితే,” అన్నారు విశాలాక్షిగారు, “కొన్న ప్రతి గేరూ వాడినట్టు రుజువుండాలి. వాడని గేరు వృథా వ్యయం కింద వస్తుంది.”

ముసలినాయుడు సమావేశం సారాంశం రాస్తూ కిటికీలోంచి ఘాటు రోడ్డు వైపు చూశాడు. సీతంపాలెం బస్సు దిగిపోతోంది. పగ్గాలు తన చేతికి తీసుకోకపోతే దసరా దాటిపోతుందని అతనికి అప్పుడే తోచింది. టీ తెప్పించాడు. విశాలాక్షిగారికి బిస్కెట్లు రెండెక్కువ వేయించాడు. సాయంత్రానికి ఎలాగో ఒప్పించి, “ముందు చక్రమే ముందుగా రాయిని ఎదుర్కొంటుంది గనుక దానికి ప్రాధాన్యత ఇవ్వడమైనది” అనే వాక్యం మీద ముగ్గురి సంతకాలూ పెట్టించాడు. బూడిద రంగు హార్డ్‌టెయిల్ తాత్కాలికంగా ఎంపికైంది. మిగతా రెంటినీ జలాల్ వ్యానెక్కించుకుని పోయాడు.

ఇక మిగిలింది పరీక్ష. తొక్కి చూడడం.

అప్పుడే ఫీల్డు మనిషి వంతాల డొంబు మందుపెట్టె దింపుకుని గుమ్మం దగ్గర నించున్నాడు. “సైకిలొచ్చిందా బాబూ? నేనో సుట్టు తొక్కీనా?”

“నువ్వు తొక్కరాదు,” అన్నారు సదాశివబ్రహ్మంగారు దయగా. “నువ్వు లబ్ధిదారుడివి. నీకు ఈ సైకిలు వల్ల లాభం ఉంది. లాభం ఉన్నవాడి అభిప్రాయం పరిగణనలోకి తీసుకుంటే పక్షపాతం అవుతుంది.”

“మరెవుళ్లు తొక్కుతారు బాబూ?”

“లాభం లేనివాళ్లు.”

డొంబు పెట్టె నెత్తికెత్తుకున్నాడు. “అయితే నాను ఎల్తన్నాను. మేకలు సూస్తంటాయి.”

ముసలినాయుడు ఉత్సాహంగా లేచాడు. “సార్, గేటు బయటే కొండ. రేప్పొద్దున్నే...”

“గేటు బయటా?” అన్నారు విశాలాక్షిగారు, ఎవరో బూతు మాట అన్నట్టు.

మండలిలో ఒక నియమం ఉంది. ఏ వస్తువు కొన్నా, కొనకముందు దాన్ని కార్యాలయ ఆవరణలోనే, కమిటీ సమక్షంలోనే పరీక్షించాలి. ఒకప్పుడెవరో అధికారి షాపులో కుర్చీల మీద కూర్చుని చూసి కొన్నాడు. ఆఫీసులో కూర్చుంటే విరిగాయి. ఆ అధికారి నడుం బాగైంది గానీ నియమం అలాగే ఉండిపోయింది.

“కుర్చీ ఆవరణలో పట్టుద్ది మేడమ్. కొండ పట్టదు కదా,” అన్నాడు ముసలినాయుడు.

“నియమంలో కుర్చీ అని లేదు. వస్తువు అని ఉంది.”

సదాశివబ్రహ్మంగారు గడ్డం నిమురుకున్నారు. పెద్ద ఆలోచనలు ఆయనకి గడ్డంలోంచే వస్తాయి. “నియమాన్ని కొండ దగ్గరికి తీసుకుపోలేం. అప్పుడు కొండనే నియమం దగ్గరికి తీసుకురావాలి. భుజంగరావుగారూ, ఆవరణలో ఒక కొండ నిర్మించడానికి సాంకేతికంగా ఏమైనా అభ్యంతరమా?”

భుజంగరావుగారి మొహం దీపంలా వెలిగింది. ఆ ఆఫీసులో ఆయన ఇన్నాళ్లూ కట్టినవి రెండు మూత్రశాలలు. “ఎటువంటి అభ్యంతరమూ లేదు సార్!”

కిటికీ అవతల అసలు గుమ్మలకొండ నించుని ఉంది. దాన్నెవరూ అభ్యంతరం అడగలేదు.

ముసలినాయుడుకి నవ్వొచ్చింది, వెంటనే భయం వేసింది. ఆ రాత్రి ఫోన్లో రమణమ్మ అడిగింది. “ఏటి, ఎప్పుడొస్తన్నావు?”

“కొండ కట్టగానే.”

“తాగీసినావేటి?”

ఆవరణలో జెండా కర్రకీ, పాత జీపు షెడ్డుకీ మధ్య ఎర్రమట్టి పోయడం మొదలైంది. మట్టి అసలు కొండ నుంచే తవ్వి లారీల మీద తెచ్చారు. ఇంటెత్తు లేవగానే భుజంగరావుగారు ఆపారు. ఏటవాలు ఎక్కువైతే భద్రత దృష్ట్యా పై అనుమతి కావాలట. అందుకని ఏటవాలు తగ్గించారు. రాళ్లుంటే కమిటీ వారికి కాళ్లకి తగులుతాయని రాళ్లు ఏరించారు. కొండకి రాళ్లు లేకపోతే ఎలా అని సదాశివబ్రహ్మంగారు అడిగితే, ఏరిన రాళ్లకి సున్నం కొట్టించి అంచుల వెంట వరసగా పేర్పించారు. “గుమ్మలకొండ, నమూనా” అని బోర్డు పెట్టారు. ఆ రంగుబోర్డు ముందు కమిటీ మొత్తం ఫొటో తీయించుకుంది. సైకిలు ఫొటోలో రాలేదు. దాన్ని షెడ్డులో పెట్టి తాళం వేశారు, పరీక్షకు ముందు అరిగిపోకుండా.

రిబ్బను కట్ చేసిన మర్నాడే వాన పట్టుకుంది. మూడు రోజులు విడవలేదు. కొండ ముందు మెత్తబడింది, ఆ తర్వాత కదిలింది, చివరికి మెట్లెక్కి రికార్డు రూములోకి వచ్చేసింది. అటెండర్లు పారలతో కొండని బయటికి తోడి పోస్తుంటే ముసలినాయుడు గుమ్మంలో నించుని బదిలీ ఆర్డరు చొక్కా జేబులో తడవకుండా అరచేతితో కప్పుకున్నాడు.

“సార్, ఇప్పటికైనా...” అని మొదలెట్టాడు.

“ఇప్పటికైనా మనకి తెలిసింది,” అన్నారు సదాశివబ్రహ్మంగారు, “మట్టి కొండలు నమ్మదగినవి కావు.”

రెండో కొండ సిమెంటుతో లేచింది. దానికి ఇనుప రెయిలింగు పెట్టారు. పక్కన మెట్లు పెట్టారు, తొక్కలేనివాళ్లు సైకిలు మోసుకుని ఎక్కడానికి. పైన చిన్న గొడుగు కింద కమిటీ కూర్చోడానికి మూడు కుర్చీలు పెట్టారు. కుర్చీల్ని నియమం ప్రకారం ఆవరణలో పరీక్షించారు. ఈలోగా కొండ మీద మేకల రోగం ముదిరిందని, మందు పాడవుతోందని డొంబు వచ్చి రెండుసార్లు చెప్పాడు. కొండ పని జరుగుతోంది, ఓపిక పట్టమన్నారు.

వినాయక చవితి అయిపోయింది. దసరా దగ్గరపడింది. రమణమ్మ ఫోన్లో తిట్టడం మానేసింది. అది తిట్లకంటే పెద్ద ప్రమాదం.

చివరికి పరీక్ష రోజు వచ్చింది. సైకిల్ని షెడ్డులోంచి తీశారు. బెల్లు, క్యారేజీ, స్టాండు, ముందూ వెనకా మడ్‌గార్డులు, మండలి పేరున్న రేకు, అన్నీ దానికి చేరి ఉన్నాయి. ఎత్తు చూసుకోవాలని సీటు మీద ముగ్గురూ వంతులవారీగా చెయ్యి పెట్టారు. సిమెంటు కొండ ఎక్కే పరీక్ష అటెండరు చేత చేయించారు. అతను తొక్కాడు, ఎక్కాడు. గేర్లన్నీ వాడినట్టు రుజువు కోసం ప్రతి రెండు గజాలకీ ఒక గేరు మార్చాడు. పైకి చేరేసరికి చెయిను ఏడుపు మొదలెట్టింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

“ఇహ దిగుట,” అన్నారు సదాశివబ్రహ్మంగారు.

అటెండరు అటూ ఇటూ చూశాడు. “దిగడానికి దారి లేదండి.”

నిజమే. కొండ అవతలి పక్క నిలువుగా కోసేసి ఉంది, దాని కింద ప్రహరీ గోడ.

“అంచనాలో ‘కొండ ఎక్కు పరీక్ష’ అని మాత్రమే మంజూరైంది సార్,” అన్నారు భుజంగరావుగారు. “దిగుటకు వేరే పద్దు కావాలి. పెట్టమంటే వచ్చే ఏడు పెడదాం.”

“ఎక్కిన దారినే దిగొచ్చు కదండీ?” అన్నాడు అటెండరు.

“అది ఎక్కు దారి,” అన్నారు విశాలాక్షిగారు. “ఎక్కు దారిలో దిగితే అది ఏ పద్దు?”

వచ్చే ఏడు! దసరా, సీటు, రమణమ్మ మౌనం, అన్నీ కలిసి ముసలినాయుడు నోటిని తెరిపించాయి.

“సార్! మన గేటు దాటగానే రోడ్డు దిగుతుంది. మొదటి మలుపు దాకా మన ఆవరణ కిందే అనుకుంటే సరి.”

విశాలాక్షిగారు నోరు తెరవబోయారు. సదాశివబ్రహ్మంగారు చెయ్యెత్తారు. ఆయనకీ మెడ మీద కత్తి ఉంది. సైకిలు సంగతేమైందని పైనుంచి మళ్లీ అడిగారు. గడ్డం నిమిరి నెమ్మదిగా పలికారు. “దిగుట పరీక్ష నిమిత్తం, గేటు మొదలు మొదటి మలుపు వరకు గల రోడ్డు కార్యాలయ ఆవరణగా భావించబడును. రాయవయ్యా.”

ముసలినాయుడు రాశాడు. ఎవరు తొక్కాలి అన్నది తర్వాతి ప్రశ్న. సదాశివబ్రహ్మంగారికి బీపీ. భుజంగరావుగారికి నిన్ననే పన్ను పీకారు. విశాలాక్షిగారు చీర చూపించారు. అటెండరు ఎక్కినవాడు కాబట్టి దిగడానికి పనికిరాడు, ఫలితాలు కలిసిపోతాయి.

“నేను దిగుతాను సార్. నాకు ఈ సైకిలు వల్ల ఏ లాభమూ లేదు,” అన్నాడు ముసలినాయుడు.

ఆ మాట అన్నప్పుడు అతని మనసులో ఏ కుట్రా లేదు. మలుపు దాకా దిగి, తోసుకుంటూ ఎక్కి వచ్చి, సంతకాలు పెట్టించి, రిలీవై, రేపటి బస్సెక్కుదామనే అనుకున్నాడు. చిన్నప్పుడు అద్దె సైకిలు తొక్కినవాడే. పంచె కట్టుకునేవాడైతే ఎగ్గట్టేవాడు. ప్యాంటు కాబట్టి సాక్సుల్లోకి దోపుకున్నాడు.

అటెండరు సైకిల్ని మెట్ల మీదుగా దింపి గేటు దాకా మోసుకొచ్చాడు. గేటు దగ్గర సదాశివబ్రహ్మంగారు రుమాలు ఊపారు.

సైకిలు దిగింది. రోడ్డు గతుకుల్లో ముందు చక్రం దుముకుతుంటే ఫోర్కు దాన్ని మింగేస్తోంది, చేతులకి ఏమీ తెలియడం లేదు. వెనక మాత్రం ప్రతి గతుకూ తిన్నగా వెన్నెముకలోకి వచ్చి తన పేరు చెప్పి పోతోంది. మడ్‌గార్డులు దడదడమని, బెల్లు తనంతట తనే మోగి, మండలి రేకు టపటపమని కొట్టుకుని, మొత్తం ఊరేగింపులా ఉంది. మొదటి మలుపు వచ్చింది. ముసలినాయుడు బ్రేకు పట్టాడు. సైకిలు చక్కగా ఆగింది. ఏ లోపమూ లేదు.

మలుపు దగ్గర చెట్లు లేవు. కింద సీతంపాలెం కనిపిస్తోంది. ఏరు, రైలు గేటు, దాని పక్కన రేకుల కప్పులు. వాటిలో ఒక కప్పు మీద నుంచి పొగ లేస్తోంది. ఆ పొగ రమణమ్మ పొయ్యిదే అయ్యుండాలని లేదు. సీతంపాలెంలో పొయ్యిలు చాలా ఉన్నాయి. కానీ ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరిలో ఆమె కళ్లు చికిలించుకోవడం ముసలినాయుడు అక్కడి నుంచే చూశాడు.

అతను బ్రేకు వదిలేశాడు.

గేటు దగ్గర కమిటీ చాలాసేపు నించుంది. కుర్చీలు తెప్పించుకున్నారు. టీ తాగారు. ఆ రోజు సారాంశం రాయడానికి రాసేవాడు లేకపోతే సదాశివబ్రహ్మంగారే స్వయంగా రాశారు. “దిగుట సంతృప్తికరం. తిరిగి ఎక్కుట గురించి నివేదిక రావలసి ఉన్నది.”

చీకటి పడే వేళకి జలాల్ ఫోన్ చేశాడు. “సార్, మీ శాంపిలు సైకిలు నా షాపుకి చేరింది. మనిషి కూడా చేరాడు. సైకిలుకి ఒక్క దెబ్బ లేదు. మనిషి నించునే టీ తాగుతున్నాడు, కూర్చోలేకపోతున్నాడు. ఆర్డరెప్పుడిస్తారు సార్?”

సదాశివబ్రహ్మంగారు ఫోను పెట్టేసి అరిచారు. “క్రమశిక్షణా చర్య! వెంటనే మెమో!”

“ఆగండి సార్,” అన్నారు విశాలాక్షిగారు. ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. “మెమోలో ఏం రాస్తాం? పరీక్ష చేస్తూ పారిపోయాడని రాయాలి. అంటే పరీక్ష ఆవరణ దాటి, మలుపు దాటి, ఘాటు దాటి సీతంపాలెంలో ముగిసిందని మనమే ఒప్పుకున్నట్టు. నియమోల్లంఘన. అధ్యక్షులు మీరు.”

సదాశివబ్రహ్మంగారు గడ్డం మీద చెయ్యి వేశారు. అక్కడేమీ దొరకలేదు.

“మరి?”

“ఆ మనిషి మన ఉద్యోగి కాకపోతే, అది పరీక్షే కాదు. దారినపోయే ఎవరో సైకిలు మీద దిగారు. అంతే.”

“అయితే నిన్నటి తేదీతో రిలీవు చేసేద్దామా?”

“నిన్న అతను కొండ ఫైలు మీద సంతకం పెట్టాడు. మొన్నా పెట్టాడు. దిగుదారి లేని కొండ ఎందుకు కట్టారని రేపెవరైనా అడిగితే కాగితాలన్నిటా అతని చేతిరాతే. అవన్నీ అప్పటికే మన ఆఫీసులో లేని మనిషి రాసినట్టుంటేనే మనకి క్షేమం.”

ముగ్గురూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఆ ఆఫీసు చరిత్రలో అంత తొందరగా ఏకాభిప్రాయం ఎన్నడూ కుదరలేదు.

మూడోనాడు సీతంపాలెం శాఖకి ఉత్తర్వు దిగింది. కోరాడ ముసలినాయుడుని, బదిలీ ఆర్డరు వచ్చిన వేసవి తేదీ నుంచే రిలీవు చేసినట్టు. సీటు దక్కింది. సైకిలు మాత్రం పోయింది. ఆవరణ బయట తిరిగిన సైకిలు ఎంపికకి అనర్హమని తేల్చి, కొత్త సైకిలు కోసం కొత్త కమిటీ వేశారు. సిమెంటు కొండ మీద పిల్లలెక్కి పడకుండా కాపలా మనిషి కావాల్సి వచ్చి, కొండల అనుభవం ఉన్నవాడని వంతాల డొంబుని అక్కడ వేశారు. మొత్తానికి ఆ సైకిలు పథకం వల్ల ఒక ఫీల్డు మనిషికి నడక తప్పింది. అతని గూడేల మేకలకి సూదిమందు కూడా తప్పింది. కొన్నిటికి శాశ్వతంగా తప్పింది. డొంబు ఫోన్ చేసి ఆ సంగతి చెబుతుంటే ముసలినాయుడు చివరిదాకా విన్నాడు. “అలాగా,” అన్నాడు. మళ్లీ “అలాగా,” అన్నాడు.

ఫోను పెట్టేసి, ఇడ్లీ కొట్టు బల్ల మీద దిండు వేసుకుని జాగ్రత్తగా కూర్చున్నాడు. ఉత్తర్వు రమణమ్మకి చదివి వినిపించాడు. తేదీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గరిటె ఆపింది.

“మల్లీ సదువు.”

మళ్లీ చదివాడు.

“అంటే కాయితం పెకారం నువ్వు ఏసంగి నుంచి ఇక్కడే ఉన్నావన్నమాట.”

“ప్రభుత్వం లెక్కలో అంతే.”

“ఈ కొట్లోనే ఉన్నావు. ఈ బల్ల మీదే కూకున్నావు.”

“ఊఁ.”

“మరి ఏసంగి నుంచి తెల్లారగట్ట లేసి ఒక్కరోజు నీళ్లు తెచ్చినావేటి? ఒక్కరోజు పిండి రుబ్బినావేటి? ఇంట్లో మగాడుండి కూడా నాను ఒక్కదాన్నే సచ్చినానన్నమాట!”

ముసలినాయుడు వివరించబోయాడు. కొండ గురించి, నియమం గురించి, దారి లేని దిగుట గురించి. ఉత్తర్వు మీద సంతకం, ముద్ర రెండూ ఉన్నాయి. వాటికి ఎదురు చెప్పడానికి అతని దగ్గర ఏ రుజువూ లేదు.

దిండు తీసి పక్కన పెట్టి, లేచి, బిందె అందుకున్నాడు.